పాసివ్ వాయిస్: సూత్రాలు బట్టీ పట్టకుండా ఏ టెన్స్‌నైనా మార్చడం ఎలా

టెన్స్‌కో సూత్రం చొప్పున పాసివ్ వాయిస్ బట్టీ పట్టినవాళ్లకు పరీక్షలో సూత్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ‘ఈజ్ బీయింగ్’ రాయాల్సిన చోట ‘హ్యాజ్ బీన్’ వస్తుంది, ‘వాజ్’ రావాల్సిన చోట ‘వాజ్ బీన్’ అనే లేని రూపం పుట్టుకొస్తుంది. నిజానికి ఇందులో నేర్చుకోవాల్సింది ఒకే ఒక్క పని. అది పట్టుబడితే టెన్స్‌లన్నీ దాన్నుంచే వస్తాయి.

ఆ పని ఇది: యాక్టివ్ వాక్యంలో మెయిన్ వర్బ్ ఏ రూపంలో ఉందో చూడండి. ఆ స్థానంలో ‘బి’ అనే క్రియను అదే రూపంలో పెట్టండి. దాని పక్కన మెయిన్ వర్బ్‌ను వి3లో, అంటే పాస్ట్ పార్టిసిపుల్ రూపంలో రాయండి. టెన్స్ ఏదో చెప్పే బాధ్యతంతా ‘బి’దే. వి3 ఏ టెన్స్‌లోనూ మారదు.

ముందు చూడాల్సింది: వాక్యంలో ఆబ్జెక్ట్ ఉందా?

క్రియను పట్టుకుని ‘దేన్ని?’, ‘ఎవరిని?’ అని అడగండి. ‘షి రోట్ ద రిపోర్ట్’ అనే వాక్యంలో దేన్ని రాసింది అంటే రిపోర్ట్‌ను అని జవాబు వస్తుంది. కాబట్టి మార్చవచ్చు. ‘ద ట్రెయిన్ అరైవ్డ్ లేట్’ దగ్గర ఆ ప్రశ్నే కుదరదు. దాన్ని మార్చలేం. మన వ్యాకరణంలో సకర్మక, అకర్మక క్రియలు అని చదువుకున్న తేడానే ఇది. కర్మ లేని క్రియకు కర్మణి ప్రయోగం లేదు.

హ్యాపెన్, అకర్, అరైవ్, కమ్, గో, డై, స్లీప్, అపియర్, డిసప్పియర్, ఎగ్జిస్ట్, బిలాంగ్, కన్సిస్ట్ ఈ జాబితాలోకి వస్తాయి. తెలుగువాళ్లు ఎక్కువగా జారేది వీటి దగ్గరే. ‘ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’, ‘హీ వాజ్ డైడ్’ అని రాస్తారు. ‘జరిగింది’, ‘చనిపోయాడు’ అనే మాటల్లో ఎవరూ కావాలని చేసిన పని కనిపించదు కాబట్టి ఇంగ్లిష్‌లో పాసివ్ ఉండాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. ‘ది యాక్సిడెంట్ హ్యాపెన్డ్’, ‘హీ డైడ్’ అంటే సరిపోతుంది.

ఆబ్జెక్ట్ ఉన్నట్టే కనిపించినా పాసివ్‌కు లొంగని క్రియలు కొన్ని ఉన్నాయి. సొంతంగా కలిగి ఉండటం అనే అర్థంలో ‘హావ్’, ఇంకా రిజెంబుల్, ల్యాక్, ఫిట్, సూట్, కాస్ట్. ‘షి హ్యాజ్ ఎ కార్’ను మార్చబోతే ‘ఎ కార్ ఈజ్ హ్యాడ్ బై హర్’ అనే అర్థం లేని వాక్యం వస్తుంది. ‘వెయ్’ అనే క్రియ రెండు వైపులా ఉంటుంది. ‘ద బాక్స్ వెయ్స్ టెన్ కిలోస్’లో పది కిలోలు అనేది కొలత, ఆబ్జెక్ట్ కాదు. అది మారదు. ‘ద క్లర్క్ వెయ్డ్ ద బాక్స్’లో బాక్స్‌ను తూచాడు కాబట్టి ‘ద బాక్స్ వాజ్ వెయ్డ్’ అని మారుతుంది. ‘హర్సెల్ఫ్’, ‘హిమ్‌సెల్ఫ్’ ఆబ్జెక్ట్‌గా ఉన్న వాక్యాలనూ వదిలేయండి.

ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా మారుద్దాం

ద క్లర్క్ హ్యాజ్ సెంట్ ద లెటర్స్.

1. విడదీయండి. సబ్జెక్ట్ ‘ద క్లర్క్’, క్రియ ‘హ్యాజ్ సెంట్’, ఆబ్జెక్ట్ ‘ద లెటర్స్’.

2. ఆబ్జెక్ట్‌ను ముందుకు తెండి. అది సర్వనామమైతే రూపం మార్చాలి. మి ‘ఐ’ అవుతుంది, హిమ్ ‘హీ’, హర్ ‘షి’, అజ్ ‘వీ’, దెమ్ ‘దే’ అవుతాయి. యు, ఇట్ మారవు.

3. మెయిన్ వర్బ్ ‘సెంట్’ ఇక్కడ ‘హ్యాజ్’ తర్వాత వి3 రూపంలో ఉంది. కాబట్టి ‘బి’ని కూడా వి3లో పెట్టాలి. ‘బి’కి వి3 ‘బీన్’. ముందున్న ‘హ్యాజ్’ను కదపకండి.

4. ఇప్పుడు సబ్జెక్ట్ మారింది కదా, మొదటి హెల్పింగ్ వర్బ్ కొత్త సబ్జెక్ట్‌తో కుదురుతోందా చూడండి. లెటర్స్ బహువచనం. అందుకే ‘హ్యాజ్’ తీసి ‘హావ్’ పెట్టాలి. సూత్రాలన్నీ తెలిసినవాళ్లకు కూడా మార్కు పోయేది ఈ మెట్టు మీదే. పాత సబ్జెక్ట్ చెవిలో మోగుతూ ఉంటుంది.

5. మెయిన్ వర్బ్ వి3 రాయండి: సెంట్.

6. చేసినవారిని చెప్పాలనుకుంటే ‘బై’ పెట్టి చివర చేర్చండి.

ద లెటర్స్ హావ్ బీన్ సెంట్ బై ద క్లర్క్.

ఎలా చేశారో చెప్పే మాట ఉంటే అది వి3కి ముందు బాగుంటుంది: ‘వాజ్ కేర్‌ఫుల్లీ రిటెన్’. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పే మాటలు చివరికి వెళ్తాయి.

టెన్స్‌ల వరస

అన్నిటికీ ‘రైట్’ క్రియనే వాడుకుందాం. దాని మూడు రూపాలు రైట్, రోట్, రిటెన్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఎక్కడ ఏది వచ్చిందో కంటికి తెలుస్తుంది. ‘క్లీన్’ లాంటి క్రియతో సాధన చేస్తే వి2, వి3 రెండూ ‘క్లీన్డ్’ అయిపోయి తప్పు దాక్కుంటుంది.

మామూలు వర్తమానంలో మెయిన్ వర్బ్ ‘రైట్’ లేదా ‘రైట్స్’. ‘బి’కి వర్తమాన రూపాలు యామ్, ఈజ్, ఆర్.
షి రైట్స్ ద రిపోర్ట్ → ద రిపోర్ట్ ఈజ్ రిటెన్ బై హర్.

మామూలు భూతకాలంలో ‘బి’ రూపాలు వాజ్, వర్.
షి రోట్ ద రిపోర్ట్ → ద రిపోర్ట్ వాజ్ రిటెన్ బై హర్.

భవిష్యత్తులో ‘విల్’ తర్వాత క్రియ మొదటి రూపంలో ఉంటుంది కాబట్టి ‘బి’ కూడా ఉన్నది ఉన్నట్టే వస్తుంది.
షి విల్ రైట్ ద రిపోర్ట్ → ద రిపోర్ట్ విల్ బి రిటెన్ బై హర్.

కంటిన్యువస్ టెన్స్‌లలో మెయిన్ వర్బ్ చివర ‘ఇంగ్’ ఉంటుంది. ఆ ‘ఇంగ్’ను ‘బి’కి తగిలిస్తే ‘బీయింగ్’.
షి ఈజ్ రైటింగ్ ద రిపోర్ట్ → ద రిపోర్ట్ ఈజ్ బీయింగ్ రిటెన్ బై హర్.
షి వాజ్ రైటింగ్ ద రిపోర్ట్ → ద రిపోర్ట్ వాజ్ బీయింగ్ రిటెన్ బై హర్.

ఇక్కడ ‘బీయింగ్’ మరిచిపోతే వాక్యం తప్పు కాదు, కానీ అర్థం మారిపోతుంది. ‘ఈజ్ బీయింగ్ రిటెన్’ అంటే ఇప్పుడు రాస్తున్నారు. ‘ఈజ్ రిటెన్’ అంటే మామూలుగా రాస్తుంటారు, లేదా రాసి ఉంది. చదివేవారికి తప్పు కనపడదు, తప్పుడు సమాచారం అందుతుంది. అందుకే ఈ పొరపాటు మిగతా వాటికంటే ప్రమాదకరం.

పర్ఫెక్ట్ టెన్స్‌లలో ‘హావ్’, ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ తర్వాత వి3 ఉంటుంది. ఆ చోట ‘బి’ వి3 అయిన ‘బీన్’ వస్తుంది.
షి హ్యాజ్ రిటెన్ → హ్యాజ్ బీన్ రిటెన్.
షి హ్యాడ్ రిటెన్ → హ్యాడ్ బీన్ రిటెన్.
షి విల్ హావ్ రిటెన్ → విల్ హావ్ బీన్ రిటెన్.

పాసివ్‌లో మామూలుగా వాడే టెన్స్‌లు ఈ 8 మాత్రమే. మిగిలిన 4, అంటే ఫ్యూచర్ కంటిన్యువస్, ఇంకా పర్ఫెక్ట్ కంటిన్యువస్ మూడూ, పాసివ్‌లోకి మార్చరు. మన పద్ధతి ప్రకారం ‘హ్యాజ్ బీన్ రైటింగ్’ను మార్చితే ‘హ్యాజ్ బీన్ బీయింగ్ రిటెన్’ వస్తుంది. ‘బీన్’, ‘బీయింగ్’ పక్కపక్కన పడి నోరు తిరగదు కాబట్టి దాన్ని దాదాపు ఎవరూ వాడరు. అలాంటి భావం చెప్పాల్సి వస్తే వాక్యాన్నే వేరేగా కట్టండి. ఆరు నెలలుగా రోడ్డు బాగుచేస్తున్నారు అనడానికి ‘ద రోడ్ హ్యాజ్ బీన్ అండర్ రిపేర్ ఫర్ సిక్స్ మంత్స్’ చక్కగా సరిపోతుంది.

కెన్, కుడ్, షుడ్, మస్ట్, మే, మైట్ వంటివి ‘విల్’ లాగే నడుస్తాయి. ‘కెన్ రైట్’కు ‘కెన్ బి రిటెన్’. ‘షుడ్ హావ్ రిటెన్’కు ‘షుడ్ హావ్ బీన్ రిటెన్’. ‘ఈజ్ గోయింగ్ టు రైట్’, ‘హ్యాజ్ టు రైట్’ కూడా అంతే: ‘ఈజ్ గోయింగ్ టు బి రిటెన్’, ‘హ్యాజ్ టు బి రిటెన్’. కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. యాక్టివ్ క్రియలో ఎన్ని మాటలు ఉంటే పాసివ్‌లో సరిగ్గా ఒక మాట ఎక్కువ ఉండాలి. ‘రోట్’ ఒకటి, ‘వాజ్ రిటెన్’ రెండు. ‘ఈజ్ రైటింగ్’ రెండు, ‘ఈజ్ బీయింగ్ రిటెన్’ మూడు. ‘విల్ హావ్ రిటెన్’ మూడు, ‘విల్ హావ్ బీన్ రిటెన్’ నాలుగు. లెక్క తప్పిందంటే ‘బి’ని మరిచిపోయారు, లేదా రెండుసార్లు పెట్టారు. ‘డు’, ‘డజ్’, ‘డిడ్’ ఉన్న వాక్యాలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. ఎందుకో చూద్దాం.

కాదు, లేదు అనే వాక్యాలు, ప్రశ్నలు

‘షి డిడ్ నాట్ రైట్ ద రిపోర్ట్’లో భూతకాలం ‘డిడ్’లో ఉంది. పాసివ్‌లో ‘బి’ సొంతంగానే ‘నాట్’ను మోయగలదు, ప్రశ్నలో ముందుకూ దూకగలదు. ఇక ‘డిడ్’తో పని లేదు. దాన్ని తీసేసి, అందులోని భూతకాలాన్ని ‘బి’కి ఇవ్వండి: ద రిపోర్ట్ వాజ్ నాట్ రిటెన్ బై హర్. ‘డు’, ‘డజ్’ ఉంటే యామ్, ఈజ్, ఆర్ వస్తాయి. ‘డిడ్ నాట్ రిటెన్’ అని రాశారంటే ‘డిడ్’ను వదల్లేకపోయారన్నమాట.

ప్రశ్నను నేరుగా మార్చకండి. ముందు దాన్ని మామూలు వాక్యం చేయండి, పాసివ్‌లోకి మార్చండి, ఆ తర్వాత మొదటి హెల్పింగ్ వర్బ్‌ను ముందుకు తెండి. ‘హ్యాజ్ షి రిటెన్ ద రిపోర్ట్?’ అనేది ‘షి హ్యాజ్ రిటెన్ ద రిపోర్ట్’ అవుతుంది, అది ‘ద రిపోర్ట్ హ్యాజ్ బీన్ రిటెన్’ అవుతుంది, చివరికి ‘హ్యాజ్ ద రిపోర్ట్ బీన్ రిటెన్?’ అవుతుంది. దూకేది ఒక్క ‘హ్యాజ్’ మాత్రమే. ‘హ్యాజ్ బీన్ ద రిపోర్ట్ రిటెన్’ అని జంటగా తీసుకురావద్దు.

వెన్, వేర్, వై, హౌ ఉంటే వాటిని అలాగే ముందుంచండి: ‘వెన్ డిడ్ దే బిల్డ్ ద బ్రిడ్జ్?’కు ‘వెన్ వాజ్ ద బ్రిడ్జ్ బిల్ట్?’. ‘హూ’ సబ్జెక్ట్‌గా ఉన్న ప్రశ్న కాస్త వేరు. ‘హూ రోట్ దిస్?’ అన్నదానికి పరీక్షల్లో ‘బై హూమ్ వాజ్ దిస్ రిటెన్?’ అడుగుతారు. మాట్లాడేటప్పుడు ‘హూ వాజ్ దిస్ రిటెన్ బై?’ అనడమే మామూలు. రెండూ ఒప్పే.

వి3 దగ్గర వచ్చే చిక్కులు

ఈజ్, వాజ్, బీన్ తర్వాత వి2 పెట్టడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు: ‘వాజ్ రోట్’, ‘వాజ్ స్టోల్’, ‘హ్యాజ్ బీన్ టుక్’. రిటెన్, స్టోలెన్, టేకెన్, బ్రోకెన్, చోజెన్, గివెన్, సీన్, డన్, బిగన్, సంగ్ అనేవి నోటికి వచ్చేదాకా చదవండి. కట్, పుట్, షట్, హిట్, సెట్ మూడు రూపాల్లోనూ ఒకేలా ఉంటాయి. ‘కటెడ్’, ‘పుటెడ్’ అనే మాటలు లేవు. ‘రీడ్’కు వి3 స్పెల్లింగ్ మారదు, పలికేటప్పుడు మాత్రం ‘రెడ్’.

‘ఫైండ్’కు వి3 ఫౌండ్. స్థాపించడం అనే అర్థమున్న ‘ఫౌండ్’ వేరే క్రియ, దానికి వి3 ఫౌండెడ్. సంస్థను స్థాపించారు అనడానికి ‘వాజ్ ఫౌండెడ్’ అనాలి. ‘వాజ్ ఫౌండ్’ అంటే దొరికింది అని అర్థం. అలాగే పెట్టడం అనే అర్థంలో ‘లే’కు వి3 లెయిడ్, దీనికి పాసివ్ ఉంది. పడుకోవడం అనే అర్థంలో ‘లై’కి వి3 లెయిన్, దీనికి పాసివ్ లేదు.

మాటల్లో చివరి ‘డ్’ మింగేయకండి. ‘ది ఆఫీస్ ఈజ్ క్లోజ్’ అని పలకడం అలవాటైతే రాతలోకీ అదే వస్తుంది. క్లోజ్డ్, యూజ్డ్, ఫిక్స్డ్ అని చివరి శబ్దం వినపడాలి.

‘బై’ ఎప్పుడు, ఎప్పుడు వద్దు

సమ్‌వన్, పీపుల్, దే, వీ లాంటి సబ్జెక్ట్‌లు పాసివ్‌లో ఏమీ కొత్తగా చెప్పవు. తీసేయండి. ‘సమ్‌వన్ హ్యాజ్ స్టోలెన్ మై సైకిల్’కు ‘మై సైకిల్ హ్యాజ్ బీన్ స్టోలెన్’ చాలు. దొంగిలించినవాడెవడో తెలియదనేగా పాసివ్ వాడేది. చేసినవారి పేరే ముఖ్యమైన సమాచారమైతే ‘బై’ పెట్టండి.

చేసినవారికి ‘బై’, పనిముట్టుకు ‘విత్’: ద రోప్ వాజ్ కట్ బై ద సెయిలర్ విత్ ఎ నైఫ్. కొన్ని వి3లు విశేషణాల్లా మారిపోయి తమ సొంత ప్రిపొజిషన్‌ను వెంట తెచ్చుకుంటాయి: నోన్ టు, ఇంట్రస్టెడ్ ఇన్, ఫిల్డ్ విత్, మ్యారీడ్ టు. ‘మ్యారీడ్ విత్’ వద్దు. ‘హీ ఈజ్ నోన్ టు మి’ దగ్గర కూడా ‘బై’ పెట్టే అలవాటు మానుకోవాలి.

రెండు ఆబ్జెక్ట్‌లుంటే

గివ్, సెండ్, షో, ఆఫర్, టీచ్, పే లాంటి క్రియలకు ఒక మనిషి, ఒక వస్తువు ఆబ్జెక్ట్‌లుగా ఉంటాయి. ‘దే గేవ్ మి ఎ బుక్’ను రెండు విధాలుగా మార్చవచ్చు:
ఐ వాజ్ గివెన్ ఎ బుక్.
ఎ బుక్ వాజ్ గివెన్ టు మి.

ఇంగ్లిష్‌లో మనిషితో మొదలయ్యే మొదటిదే ఎక్కువగా వినిపిస్తుంది. ‘నాకు’ అనే మాట మనసులో ఉండటంతో తెలుగువాళ్లు ‘ఐ’తో మొదలుపెట్టడానికి జంకుతారు, లేదా ‘మి వాజ్ గివెన్’ అని రాస్తారు. ధైర్యంగా ‘ఐ’ వాడండి. అయితే ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్ ఈ దారిలో రావు. ‘వీ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్’ తప్పు. ‘ద రూల్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు అజ్’ ఒప్పు.

తోక ఉన్న క్రియలు, మరికొన్ని

లుక్ ఆఫ్టర్, లాఫ్ ఎట్, స్విచ్ ఆఫ్ లాంటివి రెండు మాటలైనా ఒకే క్రియ. తోకను వదిలేయకూడదు: ద చిల్డ్రన్ ఆర్ బీయింగ్ లుక్డ్ ఆఫ్టర్. ‘హీ వాజ్ లాఫ్డ్ ఎట్ బై ఎవ్రీవన్’లో ‘ఎట్’, ‘బై’ పక్కపక్కన పడటం చూసి ఒకటి కొట్టేయకండి. రెండూ ఉండాల్సిందే.

మేక్, సీ, హియర్ తర్వాత యాక్టివ్‌లో కనపడని ‘టు’ పాసివ్‌లో బయటికి వస్తుంది: ‘దే మేడ్ హిమ్ వెయిట్’కు ‘హీ వాజ్ మేడ్ టు వెయిట్’. ‘లెట్’ ఉంటే పాసివ్‌లో ‘అలౌడ్ టు’కు మారడం మంచిది.

‘పీపుల్ సే దట్ హీ ఈజ్ రిచ్’ను ‘ఇట్ ఈజ్ సెడ్ దట్ హీ ఈజ్ రిచ్’ అనవచ్చు, ‘హీ ఈజ్ సెడ్ టు బి రిచ్’ అనవచ్చు. ఒకప్పుడు ధనవంతుడట అనాలంటే ‘హీ ఈజ్ సెడ్ టు హావ్ బీన్ రిచ్’.

ఆజ్ఞలకు పరీక్షల్లో ‘లెట్’ వాడతారు: ‘క్లోజ్ ద డోర్’కు ‘లెట్ ద డోర్ బి క్లోజ్డ్’. ‘ప్లీజ్’ ఉంటే ‘యు ఆర్ రిక్వెస్టెడ్ టు’ అని మొదలుపెడతారు. ‘లెట్’ రూపాన్ని మార్కుల కోసం నేర్చుకోండి, నోటీసులో మాత్రం ‘ద డోర్ మస్ట్ బి కెప్ట్ క్లోజ్డ్’ అని రాయండి.

సొంతంగా రాసేటప్పుడు ఎక్కడ వాడాలి

తెలుగులో ‘రోడ్డు మూసేశారు’, ‘నన్ను ఇంటర్వ్యూకు పిలిచారు’ అంటాం. ఎవరు అన్నది చెప్పకపోయినా క్రియ చివరి ‘ఆరు’ సరిపెడుతుంది. ఇంగ్లిష్‌లో ఇలాంటి వాక్యానికి సబ్జెక్ట్ చోటు ఖాళీగా ఉంచడం కుదరదు. ‘కాల్డ్ మి ఫర్ ఇంటర్వ్యూ’ అని రాయడం ఆ ఖాళీ వల్లే. మీ తెలుగు వాక్యంలో కర్త లేకుండా క్రియ ‘ఆరు’తో ముగిస్తే ఇంగ్లిష్‌లో పాసివ్ వాడే సమయం వచ్చిందని గుర్తించండి: ద రోడ్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్. ఐ హావ్ బీన్ కాల్డ్ ఫర్ ఆన్ ఇంటర్వ్యూ. ‘మూయబడింది’, ‘పిలవబడ్డాను’ అని ముందు తెలుగులో అనుకుని తర్వాత మార్చే శ్రమ వద్దు. మనం అలా మాట్లాడం కాబట్టి ఆ దారిలో వెళ్తే పాసివ్ అవసరమైన చోటు ఎప్పటికీ తట్టదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘ద బుక్ వాజ్ రెడ్ బై మి’ వ్యాకరణపరంగా సరైనదే, కానీ మామూలుగా ఎవరూ అలా అనరు. ‘బై’ తర్వాత మి, యు, హిమ్ లాంటి సర్వనామం వచ్చిందంటే చాలాసార్లు యాక్టివ్ వాక్యమే బాగుంటుంది. పైన టెన్స్‌ల వరసలో ‘బై హర్’ రాసింది మార్పు కనపడటం కోసమే.

సాధనకు రోజూ ఒక క్రియ తీసుకుని 8 టెన్స్‌లలో పాసివ్ రాయండి. మర్నాడు యాక్టివ్ వాక్యాలు చూడకుండా, ఆ పాసివ్ వాక్యాలను తిరిగి యాక్టివ్‌లోకి మార్చండి. ‘బి’ని తీసేసి, అది ఉన్న రూపంలోకి మెయిన్ వర్బ్‌ను తెస్తే పాత వాక్యం రావాలి. ‘వాజ్ బీయింగ్ స్టోలెన్’లో ‘బీయింగ్’ తీస్తే దాని ‘ఇంగ్’ స్టీల్‌కు చేరి ‘వాజ్ స్టీలింగ్’ అవుతుంది. అలా రాకపోతే నిన్నటి వాక్యంలో ‘బి’ తప్పు రూపంలో ఉన్నట్టు. సరిదిద్దాల్సింది ఆ ఒక్క మాటే.